సిఫారసు కోసం చేపల వేట

ఎనభైల మొదట్లో మిషిగన్‌లో మనవాళ్ళు ఎంత తక్కువంటే, కూరగాయల కొట్లో ఎవరైనా కొత్తిమీర వాసన చూస్తూ కనబడితే చాలు, వెనకాలే వెళ్ళి 'తెలుగువారా?' అని అడిగేవాణ్ణి. (ఒకాయన గ్రీకువాడని తేలింది. అయినా కాసేపు మాట్లాడుకున్నాం.) ఇంజనీరు లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టింది అప్పుడే. పరీక్షంటే భయం లేదు, పుస్తకాలు హాల్లోకి తీసుకెళ్ళొచ్చు. భయపెట్టింది మరో నిబంధన. నా పనీ నడతా స్వయంగా ఎరిగిన లైసెన్సు ఇంజనీర్లు ముగ్గురు నాకు హామీ సంతకం చెయ్యాలి. ఇద్దరు దొరికారు. మూడోది మా ఆఫీసు పెద్దాయన చెయ్యాలి. భార్య పోయాక శనివారాలు ఒంటరిగా చేపలు పట్టుకునే మనిషి, మాటల్లో మహా పొదుపరి.

"సైన్ ఊరికే ఎవడు చేస్తాడు గురూ?" అన్నాడు, వారం వారం షికాగోలో అక్కగారింటికి డ్రైవ్ చేసుకుపోయే నా రూమ్మేటు. "గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్‌కి మనం ఎన్నిసార్లు తిరగలేదు? పళ్ళు పట్టుకెళ్ళు."

అరటిపళ్ళతో ఆయన గుమ్మంలో నిలబడ్డాను. ఆయన పళ్ళకేసి, నాకేసి చూసి, "నాకు ఒంట్లో బాగాలేదని ఎవరైనా చెప్పారా?" అన్నాడు.

ఆ శనివారం గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి తొలిచిన కన్నం పక్కన, ఆయన ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. రెండోది నాకు చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఏంటి గొణుగుతున్నావు?"

"ఈ మంచు మనిద్దర్నీ మొయ్యగలదా అని లెక్క వేస్తున్నాను సర్."

"ఎంత తేలింది?"

"మోస్తుంది."

"మరి కూర్చోవేం?"

ఒక్క సంతకం కోసం ఆ ముసలాయన నన్ను పూటంతా గడ్డకట్టించాడనీ, గుడ్డు కూడా ముట్టని నేను చేప పడకూడదని దేవుళ్ళకి మొక్కుకున్నాననీ మన వాళ్ళ విందుల్లో ఏళ్ళ తరబడి చెప్పి నవ్వించాను. అందులో సగం అబద్ధం. ఆయన సంతకం అరటిపళ్ళ రోజునే, గుమ్మంలోనే పెట్టేశాడు. "దీనికి పళ్ళెందుకు?" అన్నాడు, అంతే. శనివారం నేనూ రావచ్చా అని అడిగింది నేను. రూమ్మేటు షికాగో వెళ్ళిపోయాక ఆ గదిలో రిఫ్రిజిరేటరు చప్పుడు తప్ప మరోటి ఉండేది కాదు. ఆ చలికాలమంతా వెళ్ళాను. లైసెన్సు వచ్చింది, మరో ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఆయనకి ఒక్క ఫోను కూడా చెయ్యలేదు. నా నడతకి హామీ ఇచ్చిన మనిషాయన. ముసలాయన అంటూ వచ్చాను గానీ, అప్పటి ఆయన వయసు ఇప్పటి నా వయసే.

మొక్కు మాట మాత్రం నిజం. బకెట్టు మీద వణుకుతూ కూర్చున్న ఆ కుర్రాడు చేప పడకూడదనే మొక్కుకున్నాడు. పడితే ఆయన ఇక ఇంటికి పోదాం పద అంటాడేమోనని.