కంచెకు అవతల పొడినేల

మా మేనత్తకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం మంద ఇల్లు చేరగానే ఒక్కో గొర్రె వీపు మీద అరచేయి పెట్టి తడిమేది. ఎముక చేతికి తగిలితే, "ఇంకొన్ని దినాలు ఓర్చుకోమ్మా" అనేది గొర్రెతోనే.

మా వల్లూరులో వేరుశనగ చేలన్నీ సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక, గొర్రెలకు రోడ్డు పక్కలే మిగిలాయి. ఆ ఏడు వాన రాక అక్కడి గడ్డీ ఎండిపోయింది. అత్త తుమ్మకాయలు రాల్చి మేపుతూ మందను కాపాడుకొచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను ఆమెకు సంగటి తీసుకుపోయినప్పుడు, ఉన్నట్టుండి వడగండ్ల వాన విరుచుకుపడింది. అత్త మందను సోలార్ కంచె దగ్గరికి తోలింది. లోపల ప్యానెళ్ల కింద నేల ఇంకా పొడిగానే ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ మా ఊరివాడే.

"రవంత తెరువప్పా, చలికి సస్తాయి!" అని అరిచింది అత్త.

"బీగాలు నా దగ్గర లేవత్తా. ఆఫీసోళ్లకు ఫోన్ చేస్తాండా, ఎత్తడంల్యా" అన్నాడతను ఏడుపు గొంతుతో.

వాన వెలిసేసరికి బక్కచిక్కిన గొర్రెలు సగానికి పైగా బురదలో పడిపోయాయి. అత్త చీర కొంగుతో ఒక్కోదాన్ని తుడిచి లేపబోయింది. ఒక్కటీ లేవలేదు. అత్త ఆ బురదలోనే కూర్చుని ఒక గొర్రె తలను ఒళ్లోకి తీసుకుంది.

అంతలో రాయచెర్లు వైపు పోతున్న ఆటోలోంచి ఎవరో, పడివున్న గొర్రెలను గమనించకుండానే, "మంచి వాన పడింది కదమ్మా!" అని సంతోషంగా కేక వేశారు.

ఒళ్లో ఉన్న గొర్రె తలను కిందికి దించకుండానే అత్త జవాబిచ్చింది.

"అవునప్పా. ఇంగా పడాల."