టికెట్ లేని పాఠకులు

"గా పిల్ల లాస్టుకు సచ్చిపోతది" అన్నారు యాదగిరి బాబాయ్.

2024 వేసవి మొదట్లో, బడులకు సెలవులివ్వకముందు, ఒక ఆదివారం సాయంత్రం. నాచారంలో మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న మా అద్దె లైబ్రరీలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. ఆ మాట వినగానే అందరూ ఆయన వైపు తిరిగారు. నేను మాత్రం మా సభ్యురాలు హరిణి చేతుల్లోని పుస్తకం వైపు చూశాను. తప్పిపోయిన ఒక అమ్మాయి గురించి కొత్తగా వచ్చిన సస్పెన్స్ నవల అది. హరిణి నెల రోజులు ఎదురుచూస్తే అప్పుడే ఆమె చేతికిచ్చాను. మొదటి పేజీలో పెట్టుకున్న వేలిని ఆమె మెల్లగా బయటికి తీసి, పుస్తకం మూసేసింది. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే ఎలా ఉంటుందో, నాకు అలా అనిపించింది. ఏదో కాబోతోంది.

నేను ఎం.లిబ్. చదివాను. పెళ్లయ్యాక కాకినాడ నుంచి ఇక్కడికొచ్చి, పిల్లలిద్దరూ బడికి వెళ్లడం మొదలయ్యాక ఈ ఉద్యోగంలో చేరాను. లైబ్రేరియన్ అంటే ముద్ర కొట్టి పుస్తకం ఇచ్చే మనిషని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరే ఉంది. దాన్ని మా చదువులో రీడర్స్ అడ్వైజరీ అంటారు. "నాకేదైనా మంచి పుస్తకం చెప్పండి" అని వచ్చిన మనిషి రుచేమిటో కనిపెట్టి, ఆ చేతిలో సరైన పుస్తకం పెట్టడం. దానికోసమే ఆదివారం సభ మొదలుపెట్టాను. ఎవరేం చదివారో చెప్పుకుంటారు, తర్వాత ఏం చదవాలో అడుగుతారు. మా యజమాని రావు గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సభ వల్ల సభ్యులు పెరగాలి. లేదంటే ఆ హాలు అబాకస్ క్లాసుల వాళ్లకు అద్దెకిచ్చేస్తారు. వాళ్లు అప్పటికే వచ్చి కిటికీలు, ఫ్యాన్లు చూసుకుని వెళ్లారు కూడా.

యాదగిరి బాబాయ్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉప్పల్ నుంచి అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేసేది ఆయనే.

"ఏందంకుల్ ఇది!" అంది హరిణి. "నెల నుంచి హోల్డ్ పెట్టుకున్న దీనికి. ఇప్పుడేం చదవాలె నేను, పుస్తకం మీది అట్టనా?"

హోల్డ్ అంటే, బయటికెళ్లిన పుస్తకం తిరిగి రాగానే ముందు నాకే ఇవ్వాలని పేరు రాయించుకోవడం. ఆ నవలకు హరిణి వెనక ఇంకా పెద్ద వరసే ఉంది.

"గంత పరేషాన్ ఎందుకు బిడ్డా?" అన్నారు బాబాయ్. "బస్సు ముంగట బోర్డు ఉండదా? లాస్ట్ స్టాపేందో ఎరుకయ్యే గద జనం ఎక్కుతరు!"

"ఇది బస్సు కాదంకుల్, సస్పెన్స్ నవల!"

"గదే అంటున్న. కిటికీ సీటు దొరికింది, మంచిగ సూస్కుంట పో."

ఒకరిద్దరు నవ్వారు. హరిణి నవ్వలేదు. పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "రిటర్న్ రాసుకోండి మేడమ్" అంది. ఆమె వెనకే మిగతావాళ్లూ వచ్చారు. "మా హోల్డ్ కూడా తీసేయండి." "చావు ముందే తెలిశాక ఇంకేముంది?" ఒకాయనైతే, ఈ ముసలాయన వస్తే తాను సభ్యత్వం మానుకుంటానన్నాడు.

ఇంటికి చేరేలోపే రావు గారి ఫోన్ వచ్చింది. "ఆయన్ని ఇంక రావద్దని చెప్పేయమ్మా. నేనూ చదివాను కదా ఆ నవల. ఆ పిల్ల చనిపోయే చోట కళ్లు చెమర్చాయనుకో. అంత గొప్ప సన్నివేశం ముందే చెప్పేస్తే ఇంకేం మిగులుతుంది? వచ్చే ఆదివారం నేనే వస్తాను. ఈలోగా నువ్వు చెప్పలేకపోతే నేనే చెప్తాను."

ఆ వారమంతా బాబాయ్ నంబరు నొక్కడం, మోగేలోపే కట్ చేయడం. కుర్చీలు వేసే మనిషిని నీకు కుర్చీ లేదని ఎలా చెప్పాలి?

శనివారం ఉప్పల్లో పిల్లల డాన్సు క్లాసు. వాళ్లను లోపలికి పంపి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎవరికీ అక్కర్లేని ఆ నవల నా సంచిలోనే ఉంది. నాదో అలవాటు ఇక్కడ చెప్పాలి. నేను ఏ పుస్తకమైనా చివరి పేజీ చూశాకే మొదలుపెడతాను. ఎవరికీ ఏమీ కాదని తెలిస్తేనే నాకు స్థిమితం. పిల్లలకు కథ చదివేటప్పుడు కూడా, "భయపడకండి, చివరికి అందరూ బాగానే ఉంటారు" అని ముందే చెప్పేస్తాను. తప్పిపోయిన పిల్ల కథ అసలు ముట్టుకునేదాన్నే కాదు. కానీ ఇప్పుడు చివర ఏమవుతుందో తెలిసిపోయింది కదా, ఇంక చూసేదేముంది అనుకుని ముందు రోజు రాత్రే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మిగిలిన సగం ఇంటికెళ్లాక పిల్లలు టీవీ చూస్తుంటే పూర్తిచేద్దామనుకున్నాను గానీ, ఆగలేక బెంచీ మీదే తెరిచాను. ఒక్క పేజీ వదలకుండా చివరి అధ్యాయంలోకి వచ్చేశాను.

ఆ పిల్ల చావదు! ఆమె ఏం చేస్తుందో ఇక్కడ రాయను, నా ఉద్యోగం అలాంటిది. అది చదివి బెంచీ మీంచి లేచి నిలబడ్డానని మాత్రం చెప్పగలను.

"అమ్మా, క్లాసు ఎప్పుడో అయిపోయింది" అని మా అమ్మాయి చున్నీ లాగుతోంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని నా ఎదుటే నిలబడి ఉంది. క్లాసు వదలకముందే గేటు పట్టుకుని నిలబడే మనిషిని, వాళ్లు రావడమే చూడలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి బాబాయ్ కుర్చీలు వేస్తున్నారు.

"బాబాయ్ గారూ, ఆ పిల్ల చచ్చిపోదు."

ఆయన చేతిలోని కుర్చీ దించి నా వైపు చూశారు. "సదివినవా? మొత్తం?"

"మొత్తం."

"అయితే నీ తాన టికెట్ ఉన్నట్టే!" అని పెద్దగా నవ్వారు. "ఏండ్లకేండ్లు టికెట్లు కొట్టిన బిడ్డా. మొకం సూస్తె చెప్త, టికెట్ ఉన్నదో లేదో. ఈడ అందరు మస్తుంది, సూపరుంది అంటరు. సగం మంది నడ్మల్నే దిగిపోయినోళ్లే. మొన్న ఇంకో బుక్కుకు గిట్లనే ఉత్త ఎండింగ్ జెప్పిన. అవునంకుల్, మస్తు ఏడుపొచ్చింది అన్నరు ఇద్దరు ముగ్గురు."

"మరి అప్పుడే ఎందుకు పట్టుకోలేదు వాళ్లని?"

"పట్టుకుంటె మల్ల బస్సెక్కుతరా?"

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, 'కళ్లు చెమర్చాయనుకో' అన్న రావు గారి గొంతు. నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

సభకు అందరూ వచ్చారు, హరిణి కూడా. బాబాయ్‌ని పంపించేయడం చూడ్డానికే వచ్చారనిపించింది. రావు గారు గొంతు సవరించుకుని, "యాదగిరి గారూ, మీతో ఒక మాట" అన్నారు.

నేను నవల చేతిలో పట్టుకుని లేచాను. "సార్, ముందు నాదొక మాట. ఈ నవల నిన్న పూర్తిచేశాను. ఆ పిల్ల చచ్చిపోదు."

"ఏందీ?" అంది హరిణి.

"చచ్చిపోదు. బాబాయ్ గారు తప్పుడు బోర్డు పెట్టారు."

హాలంతా ఒక్కసారి లేచింది. "అంకుల్! ఇంత పచ్చి అబద్ధమా?"

"ఎవలన్న సదివినోళ్లుంటె గప్పుడే అడగొచ్చు గద, ఎందుకడగలే?" అన్నారు బాబాయ్ చేతులు కట్టుకుని.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. హరిణి పకపకా నవ్వింది. వచ్చి నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. "నాకే రాయండి మేడమ్. అంకుల్, వచ్చే ఆదివారం నీ సంగతి చెప్త!" ఆమె వెనక జనం నా బల్లను చుట్టుముట్టారు. తీసేసిన హోల్డులన్నీ తిరిగి వచ్చాయి, కొత్తవీ చేరాయి. "అంకుల్ మొన్న చెప్పిన ఆ బుక్ ఎండింగ్ కూడా ఉత్తదేనా?" అని ఇంకొకరు అరిచారు. నిమిషంలో ఆ పుస్తకం కూడా అలమరలోంచి మాయమైంది. మానుకుంటానన్న ఆయన ఏడాదికి సభ్యత్వం కట్టి, తమ్ముడి పేరు కూడా రాయించాడు.

గుంపు పలచబడ్డాక రావు గారు నా బల్ల దగ్గరికొచ్చారు. కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఒక హోల్డ్ పెట్టమ్మా" అన్నారు.

'మీరు చదివారు కదా సార్?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీలు మడతపెడుతున్న బాబాయ్ నా వైపే చూస్తున్నారు. ఆ మాట మింగేసి, రావు గారి పేరు టైప్ చేశాను.

"ఆ అబాకస్ వాళ్లని వేరే హాలు చూసుకోమందాం" అన్నారాయన వెళ్తూ వెళ్తూ.

ఆదివారం సభ ఇప్పటికీ నడుస్తోంది. కుర్చీలు సరిపోక మిఠాయి దుకాణం నుంచి స్టూళ్లు తెస్తున్నాం. పుస్తకం పూర్తిచేసిన వాళ్లు ఒక ముగింపు చెప్పాలి. అది నిజమో అబద్ధమో చెప్పకూడదు. మనిషికి తగిన పుస్తకం చెప్పడమే నా పని అనుకునేదాన్ని. దాన్ని చివరిదాకా చదవాలనే దురద పుట్టించడం కూడా నా పనేనని బాబాయ్ దగ్గర నేర్చుకున్నాను. అది ఎవరి పరువూ తీయకుండా చేయాలని కూడా.

ఆ సభ జరిగిన మర్నాడు పొద్దున్న, బడి వ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డాం. ముందు రాత్రి మేకపిల్ల కథ సగంలో ఉండగానే ఇద్దరూ నిద్రపోయారు.

"అమ్మా, మేకపిల్ల లాస్టుకు ఇంటికి పోతది కదా?" అన్నాడు మావాడు.

ఎప్పటిలాగే 'పోతుంది నాన్నా, భయపడకు' అనబోయి ఆగాను. వాడి సంచీ పట్టీ సరిచేస్తూ, "పోదురా. బస్సు కండక్టరు ఉద్యోగంలో చేరిపోతుంది" అన్నాను.

"అబద్ధం!" అంది అక్క.

"ఉత్తగనే చెప్తున్నవ్!" అన్నాడు తమ్ముడు.

"ఏమో మరి," అన్నాను వ్యాన్ ఎక్కిస్తూ. "సాయంత్రం మీరిద్దరే చదివి నాకు చెప్పండి."