నతానియేలు చేర్చిన సభ్యులు

బేస్తవారిపేట పక్క మాలపాలెంలో ముప్పై ఏండ్లు మిషన్ బడి నడిపినాడు నతానియేలు పంతులు. అబద్ధమాడి ఎరగడని ఎవరన్నా పొగిడితే తల వంచుకునేవాడు. వినయమనుకునేవాళ్లు. వినయమా, పాడా! సిగ్గు.

ముప్పైఏడు ఎలక్షన్లలో జస్టిస్ పార్టీ మట్టి కరిచింది. ఆ పార్టీకి ఇక్కడ పెద్దదిక్కు జిల్లాబోర్డు మెంబరు సుబ్బరామయ్య. ఆయనేం చేసినాడనుకున్నారు? వారం తిరక్కముందే ఖద్దరు కట్టి కాంగ్రెసులో చేరినాడు. చేరి ఊరుకున్నాడా? తాలూకా అధ్యక్షుడు కావాలన్నాడు. ఆ కుర్చీలో ఊళ్లోని పెద్దన్న అనే ఆయన ఉన్నాడు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, దగ్గు తెచ్చుకున్న మనిషి.

"ఒరే నతానియేలూ, మీ పాలెం నుంచి అరవై మందిని సభ్యులుగా రాయి. ఆ లెక్కకు ఓటేసే ప్రతినిధులు ఇద్దరొస్తారు, మనోళ్లనే పంపిద్దాం. కాదంటావా, నీ బడికి గ్రాంటు ఎట్లొస్తాదో చూస్తా," అన్నాడు సుబ్బరామయ్య.

ఇల్లిల్లూ తిరిగితే పెద్దన్నకు తెలిసిపోతాది. అందుకని నతానియేలు బడి తలుపేసుకుని, బాప్తిస్మాల పుస్తకం చూసి పేర్లు ఎక్కించినాడు. వేలిముద్రలా? పది వేళ్లూ మార్చి మార్చి తానే వేసినాడు. చివరి పేరు కన్నతల్లి చెంచమ్మది. ఛీ, ఏం బతుకురా ఇది అనుకుంటూనే అదీ వేసినాడు.

కంభంలో తాలూకా అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. సరిగ్గా ఆ ఇద్దరు ప్రతినిధుల ఓట్లతోనే పెద్దన్న ఓడిపోయినాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గుకుంటూ పాలేనికి వచ్చినాడు. తిట్టడానికే వచ్చినాడనుకున్నాడు నతానియేలు. పెద్దన్న మాత్రం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పదేండ్లు చెప్పులరిగేలా తిరిగినా మీ పాలెంలో ఒక్కరినీ చేర్చలేకపోయినా. నువ్వు అరవై మందిని తెచ్చినావు! నా కుర్చీ పోతే పోయిందిలే. వాళ్లను ఒక్కసారి చూపించు పంతులూ."

అంటూనే పెద్దన్న వాకిట్లో ఉన్న చెంచమ్మకు చేతులు జోడించినాడు.

"అమ్మా, కాంగ్రెసులో చేరినారంట. చాలా సంతోషం."

"కాంగ్రెసా? అదేంది సామీ?" అనింది చెంచమ్మ.

పెద్దన్న నతానియేలు మొహంలోకి చూసినాడు. భూమి నోరు తెరిచి మింగితే బాగుండుననిపించింది నతానియేలుకు.

"ఏంలేదులేమ్మా. దప్పికవుతాంది, కాసిని నీళ్లియ్యి," అన్నాడు పెద్దన్న. ఆమె భయపడుతూ చెంబందిస్తే గటగటా తాగి వెళ్లిపోయినాడు.

చెంచమ్మ కండ్లు నీళ్లతో నిండినాయి.

"ఇన్నేండ్లలో ఊరోళ్లు ఎవరన్నా మన చెంబు ముట్టుకున్నారంట్రా? అంత పెద్దమనిషి తాగినాడంటే ఆయనకేదో గొప్ప మేలు చేసుంటావు. ఏం చేసినావు నాయనా, చెప్పు."

ఆమె కన్ను మూసేదాకా ఆ మాట అడుగుతానే ఉన్నింది. నతానియేలు చెప్పలేకపోయినాడు.