నల్లచార పడ్డ పిండి

మా ఇంటి పక్క అక్క మొన్న దవాఖానాలో పోయింది. షుగరు, ఆ మీద కిడ్నీలు. గోదావరిఖనిలో మా బొగ్గుబాయి మీది క్యాంటీన్‌లో ఏండ్ల తరబడి ఇడ్లీపిండి రుబ్బిన కాంట్రాక్టు మనిషి. సమాధుల తోటలో అందరూ మంచి మనిషి అన్నారు. మంచి మనిషే, ఎవరు కాదన్నారు? కానీ ఆమె అడిగింది ఆ మాట కాదు. "తప్పు నాది కాదని ఆ క్యాంటీన్ల ఒక్కసారి చెప్పిపియ్యి తమ్మీ" అన్నది. చెప్పించలేకపోయాను.

నేను ఆ బాయి ఆఫీసులో గుమస్తాను. పొద్దుటి షిఫ్టువాళ్లతో పాటు ఆ ఇడ్లీలు తిన్నవాణ్ణే. అక్క గ్రైండర్‌ను సవతి అనేది.

"ఇయ్యాల మా సవతి మూలుగుతున్నది."

"మరి మొగుడేడక్కా?" అనేవాళ్లు లైన్లో ఉన్నవాళ్లు.

"కాంట్రాక్టరే. ఇద్దర్ల ఎవ్వర్నీ సూసుకోడు."

ఆ మూలుగు బేరింగుది. రాళ్లు తిప్పే ఇరుసును పట్టి ఉంచేది బేరింగు. దాని మీద ఆయిల్ సీల్ అనే రబ్బరు రింగు ఉంటుంది. కడిగే నీళ్లు బేరింగులోకి పోకుండా, లోపలి గ్రీజు పిండిలోకి రాకుండా ఆపేది అదొక్కటే. అది అరిగిందని అక్క చెప్పింది. వచ్చే నెల చూద్దామన్నాడు క్యాంటీన్ సూపర్‌వైజర్. తనిఖీకి వచ్చేవాళ్ల ముందు మెరవాలని, పైపుతో నీళ్లు కొట్టి కడగమన్నదీ ఆయనే.

ఒకరోజు పిండిలో నల్లచార కనబడ్డది. అక్క వేలితో తీసి నలిపింది. గ్రీజు. "పైపైన తీసెయ్, లైన్ల మంది నిలబడ్డరు" అన్నాడాయన.

"బాయిల దిగినోనికి కడుపు గుంజితే ఏడికి ఉరుకుతడు సారూ?" అంటూ పిండంతా మురికినీళ్ల మోరీలో కుమ్మరించింది.

షిఫ్టు ఖాళీ కడుపుతో దిగింది. మావాళ్లే కొందరు ఆమెను తిట్టారు. మరునాడు కాంట్రాక్టరు ఆమెను ఇక పనికి రావద్దన్నాడు. నీళ్లు కొట్టి బేరింగు పాడుచేసిందట, పిండి పారబోసిందట.

కడగకుంటే మురికిది, కడిగితే మిషన్ చెడగొట్టింది. ఇదేం న్యాయం? బొగ్గు మోసే బెల్టు దగ్గర బేరింగు వేడెక్కితే ఫిట్టర్లు ఉరుకుతారు, బొగ్గు ఆగుతుంది కనుక. మనిషి తినే పిండి దగ్గర రబ్బరు ముక్క కొనడానికి ఎవరికీ చెయ్యి రాదు. దీన్ని పొరపాటంటే నేనొప్పుకోను. ఏది ఆగితే ఎవరికి నష్టమో చూసుకునే చేస్తున్నారు. కాంట్రాక్టు మనిషి మా కిందికి రాదన్నాడు యూనియన్ పెద్దమనిషి. ఆమె వండింది తిన్న నోటితోనే అన్నాడు.

తర్వాత అక్క ఇంట్లోనే ఇడ్లీలు వేసి గోడ మీదుగా అందించేది. "సూసి తిను తమ్మీ, నల్లగుంటే పారెయ్" అని నవ్వేది. చర్చికి మాత్రం క్యాంటీన్ దారి వదిలి, మోకాళ్లు నొస్తున్నా చుట్టు తిరిగి పోయేది.

మట్టి చేసిన మరునాడు క్యాంటీన్‌కు పోయి, ఆమె తప్పు లేదని అందరి ముందూ చెప్పమని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"పోయిన మనిషి ముచ్చట ఇప్పుడెందుకు సార్" అన్నాడు.

లోపల, అక్క జాగాలో వచ్చినామె గ్రైండర్ ఆపి, ఇరుసు మొదట్లో పాలకవరు చుట్టి జడ రబ్బరుతో బిగిస్తున్నది. ఏందమ్మా అది అన్నాను.

"బేరింగు కొత్తది ఏసిండ్రు సార్. సీలు రాలే."

పైపు అందుకున్నది. ఒక చేత్తో నీళ్లు కొడుతూ, రెండో అరచెయ్యి ఆ కవరు మీద అడ్డం పెట్టింది.