మూడోసారి చదివిన వాక్యం

ఢిల్లీ జనక్‌పురిలో కన్యాస్త్రీలైన సిస్టర్లు ఉండే ఇంట్లో నేను వంట చేస్తాను. వాళ్లతోపాటే ఉంటాను. యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆ ఇంట్లోని పెద్ద సిస్టరే, మా బాపట్ల వైపు మనిషి.

నెలకొక శనివారం సాయంత్రం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు మా ఇంటికి మౌన ప్రార్థనకు వస్తాయి. లైట్లు ఆర్పేసి, హాలు మధ్యలో కొవ్వొత్తి పెట్టి, అందరూ జంపఖానాల మీద కూర్చుంటారు. బైబిలులో ఒకే భాగాన్ని మూడుసార్లు చదవాలి. మధ్యమధ్య చాలాసేపు మౌనం. మూడోసారి చదవడం పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. లేచే హక్కు చదివే మనిషికి మాత్రమే ఉంది.

ఎప్పుడూ పెద్ద సిస్టరే చదివేది. ఆ నెల ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది.

"నువ్వు చదువు" అంది నాతో.

"నా వల్ల కాదు సిస్టర్. కూడబలుక్కునేసరికి తెల్లారిపోద్ది."

"తెల్లారితే టిఫిను కూడా నువ్వే పెడుదువుగాని."

ఇంటి బాధ్యత చూసే మలయాళీ మదర్ నవ్వి, "ఠీక్ హై దీదీ, ఆప్ హీ పఢియే" అని నేనే చదవాలని తేల్చేసింది.

కాదంటే చదువు చెప్పిన మనిషి చిన్నబోతుంది. అందరి ముందు తడబడితే ఇంకా చిన్నబోతుంది. అందుకని ఆ భాగమంతా కంఠతా పట్టాను. తుఫానులో పడవ ఊగిపోతుంటే ప్రభువు నిద్రపోవడం, శిష్యులు భయపడి లేపడం. చపాతీలు వత్తుతూ అదే వల్లించాను.

మొదటి రెండుసార్లు పుస్తకం ఒళ్లో తెరిచిపెట్టుకుని గడగడా చెప్పేశాను. మూడోసారి నోరు తెరిస్తే ఒక్క ముక్క రాలేదు. పడవ గుర్తుంది, మాటలు లేవు. అందరూ కళ్లు మూసుకుని నా కోసం కూర్చున్నారు. ఎవరైనా అందిస్తే బాగుండేది, కానీ అందించకూడదు. ఒకావిడ మోకాలు మార్చుకుంది. ఒక చిన్నపిల్ల, అయిపోయిందా అని, "మమ్మీ, ఖతమ్ హువా?" అంది. వాళ్లమ్మ దాని నోరు మూసింది. తలుపు నా వెనకే ఉంది. వంటగదిలోకి వెళ్లి గ్యాసు ముందు నిలబడాలనిపించింది. వెళ్తే వీళ్లంతా ఇలాగే కూర్చుండిపోతారు.

నేనున్న చోటికి వెలుతురు అందడం లేదు. పుస్తకం పట్టుకుని కొవ్వొత్తి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. ఒత్తు వచ్చిన చోటల్లా ఆగాను. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ప్రభువు లేచేసరికి నా జాకెట్టు తడిసిపోయింది. ఆమెన్ అని తలెత్తితే, ఇందాక మోకాలు మార్చుకున్నావిడ కళ్లు తుడుచుకుంటోంది.

లైట్లు వేశాక కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరుగా ఉన్న ఒకాయన నా దగ్గరికొచ్చాడు.

"ఏం చదివారమ్మా. మాట మాటకీ ఆగి, మమ్మల్ని కూడా ఆపారు. ఇన్నాళ్లూ మేం వాక్యాన్ని పరిగెత్తించేశాం."

"అది కాదండీ, నాకు..."

పెద్ద సిస్టర్ నా మణికట్టు పట్టుకుంది. ఆవిడకు తెలుసు. "టీ చల్లారిపోతోంది, ముందది ఇయ్యి" అంది.

ట్రే పట్టుకుని తిరుగుతుండగానే మదర్ అందరికీ చెప్పేసింది, ఇకమీదట ప్రతినెలా దీదీయే చదువుతుందని. చప్పట్లు కొట్టారు. నా రెండు చేతుల్లోనూ ట్రే ఉంది.

ఆ తర్వాత కసిగా చదివాను. పేపరు చదివాను, పప్పు ప్యాకెట్ల మీదున్నది చదివాను. కొన్నాళ్లకు ఆగకుండా చదవడం వచ్చింది. ఒక శనివారం హాల్లో అలాగే, ధారగా చదివాను. లోపల ఎంత సంతోషమో. అయిపోయాక ఆ ఆఫీసరు మొహమాటపడుతూ, "ఇవాళ తొందరలో ఉన్నట్టున్నారమ్మా. ఆ రోజులా లేదు" అన్నాడు. మదర్ కూడా తలూపింది.

నేను ఈ రెండు ముక్కలూ సొంతంగా రాసుకోగలుగుతున్నాను. నెలకొక శనివారం మాత్రం కొవ్వొత్తి దగ్గర కూర్చుని, వేలు పెట్టి, వచ్చిన చదువును రానట్టు చదువుతున్నాను. ఎక్కడెక్కడ ఆగాలో ముందురోజే చూసుకుంటాను.