అయిదు అరుపుల ఒప్పందం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. తిరుత్తణిలో నన్ను బేరంలో గెలిచే మనిషి లేడన్నది మొదటిది. బల్లిని మినహాయిస్తే నాకు దేనికీ భయం లేదన్నది రెండోది. రెండో నమ్మకం ఒక ఆదివారం పొద్దున ఆరు గంటల రెండు నిమిషాలకు పోయింది. మొదటిది అదే రోజు సాయంత్రం దీపాల వేళ దాటాక పోయింది. ఒక్క రోజులో రెండు నమ్మకాలు పోగొట్టుకున్నా మనిషికి పెద్ద నష్టమేమీ జరగదని తెలిసింది ఆ రోజే.

మాది మురుగన్ కొండకు పోయే దారిలో చీరల కొట్టు. తాతల కాలంలో మగ్గాలు, నాయన కాలానికి అంగడి. నేను అక్షరాలకన్నా ముందు గిరాకీలను చదవడం నేర్చుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తీరు చూసి, ఈమె కొంటుందా, ఫ్యాను గాలికి వచ్చిందా అని చెప్పేసేదాన్ని. తలుపు కదిలిన చప్పుడైతే చాలు, నిద్రలో ఉన్నా "రండి రండి, కూర్చోండి, ఏం చూపమంటారు?" అని నా నోరు దానంతటదే అనేది. (ఒకసారి పదో తరగతి పరీక్ష హాల్లోకి తనిఖీకి వచ్చిన అధికారిని కూడా అలాగే ఆహ్వానించాను. ఆయన కూర్చోలేదు.) అయితే దుకాణంలో పెరిగినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఊరికే ఇవ్వడం, ఊరికే అడగడం రెండూ చేతకావు. ఏదైనా చెయ్యి మారాలంటే మధ్యలో ఒక బేరం పడాల్సిందే.

నాకు తిరువళ్లూరులో ఉద్యోగం. ఆఫీసు వెనక వీధిలో ఒక చిన్న హోము ఉండేది. పల్లెల నుంచి వైద్యానికి వచ్చే పిల్లలు, వాళ్ల తల్లులు చికిత్స అయ్యేదాకా అక్కడ ఉండేవాళ్లు. దాన్ని చూసుకునే అక్కతో నాకు స్నేహం. వానాకాలం ఒకరోజు వెళితే వరండా అంతా తడి దుప్పట్లు. రాత్రంతా బిడ్డలకు కాపలా ఉండి, పొద్దున్నే ఆ తల్లులు రాయి మీద దుప్పట్లు ఉతుకుతున్నారు. "ఒక వాషింగ్ మెషిన్ ఉంటే వీళ్లు ఒక గంట నిద్రన్నా పోతారమ్మా" అంది అక్క, నన్ను అడిగినట్టు కాదు, గాలితో చెప్పినట్టు. తిరుగు రైల్లో ఆ గాలి నాతోబాటే తిరుత్తణి దాకా వచ్చింది.

పిల్లల సాయం కోసం రోజంతా ఆగకుండా వీడియో గేములు ఆడి, చూసేవాళ్లనుంచి విరాళాలు తెచ్చే మనుషుల్ని ఇంటర్‌నెట్‌లో చూశాను. అందులోనూ దయ్యాల గేములకు గిరాకీ ఎక్కువ. ఇంకొకరు హడలిపోతుంటే చూడటానికి లోకం ఎప్పుడూ సిద్ధమే. నేనూ ఆడతానని స్నేహితులందరికీ చెప్పాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. అన్ని దండాలు కలిపినా ఒక సబ్బుబిళ్ల రాదని అర్థమై, ఎదురుకొట్టు మామ మీద కన్నేశాను.

ఆయన మాకు చుట్టం కాడు, వీధి వరసకు మామ. ఫ్రిజ్‌లు, మిక్సీలు, వాషింగ్ మెషిన్లు అమ్ముతాడు. ప్రతి మాటా "గ్యారంటీ"తో ముగిస్తాడు కాబట్టి వీధి మొత్తానికీ గ్యారంటీ మామ. ఆయన కొట్లో లోడు దించేటప్పుడు పక్కకు సొట్ట పడిన మెషిన్ ఒకటి ఏడాదిగా మూలనుందని నాకు తెలుసు. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా వీధిలో ఏ అంగడివాడూ చెయ్యడు. అందుకని ఆయన షట్టరెత్తి, నీళ్లు చల్లి, కర్పూరం వెలిగించే వేళకు సరిగ్గా మెట్ల మీద నిలబడ్డాను. (ఈ తెలివి నాదే. ఆ తరవాతదంతా తెలివి కాదు.)

"రా పాపా, బోణీ నువ్వేనా? మంచి మాట చెప్పు" అన్నాడు.

హోము గురించి, దుప్పట్ల గురించి చెప్పాను. సొట్ట మెషిన్ వైపు చూపించాను. ఆయన ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదుటివాడి 'లేదు' బయటికి రాకముందే మన మాట పడాలన్నది నాయన నేర్పిన మొదటి పాఠం. అందుకని గబుక్కున అడ్డుపడ్డాను.

"ఊరికే వద్దు మామా! ఆదివారం పొద్దున ఆరునుంచి సాయంత్రం ఆరుదాకా దయ్యాల గేము ఆడతాను. అరవకుండా ఆడితే మెషిన్ హోముకి. అరిస్తే నీ కొట్లోనే."

ఆయన తెరిచిన నోరు మూసి, నన్ను ఎగాదిగా చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బేరం చేసే మనిషి కూర్చున్నాడంటే సంగతి ముదిరినట్టు.

"ఒక్క అరుపు కూడా లేకుండానా?"

"మనిషన్నాక తప్పుతుందా మామా? పది అరుపులు వదిలెయ్."

"పదా! పదిసార్లు అరిస్తే అది కచేరీ. రెండు."

"ఎనిమిది. నీ మొహం చూసి."

"నా మొహానికి మూడు. అంతకుమించి రాదు."

లేచి మెట్లు దిగినట్టు నటించాను. ఆయన పిలిచినట్టు నటించాడు. అయిదు అరుపుల దగ్గర తెగింది. ఏ కారణంచేత అరిచినా అరుపే అని ఆయన ఒక షరతు పెట్టాడు. "మురుగా" అంటే అరుపు కాదు, ప్రార్థన అని నేనొకటి పెట్టాను. "సరి పాపా, గ్యారంటీ" అన్నాడు. రెండు అరుపులతో మొదలైన ఆయనచేత అయిదు ఒప్పించానని ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఆదివారం మా కొట్టు మీది సరుకు గదిలో కంప్యూటరు పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాను. సాక్షిగా గ్యారంటీ మామ తన కొట్టు తమ్ముడికి అప్పజెప్పి వచ్చి, తలుపు పక్కన కుర్చీ వేసుకుని, పాత క్యాలెండరు కాగితం, పెన్సిలు పట్టుకున్నాడు. నాకు తోడుగా మా అవ్వ, ఒడిలో చేట, చేటలో చిక్కుడుకాయలు. స్నేహితులు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఫోన్లలో చూస్తున్నారు. గేము మొదలైంది. సరిగ్గా చెప్పాలంటే మొదలు కాలేదు. తెర మీద గేము పేరు రాకముందే ఒక పిడుగు పడింది. ఆ పిడుగుకే మొదటి అరుపు పోయింది.

"ఒకటి" అన్నాడు మామ, గీత గీస్తూ. "పేరుకే ఇట్లయితే మనిషొస్తే ఏం గతి?"

కథ ఏమిటంటే, ఒక పాడుబడిన బంగళా, చేతిలో టార్చిలైటు, గదుల్లో తిరిగే ఒక తెల్ల దయ్యం. అది మొదటిసారి కనబడగానే రెండో అరుపు పోయింది. అవ్వ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని తెరలోకి వంగింది.

"ఏందమ్మే అది, నైటీ ఏసుకోనుండాది? దయ్యానికి ఒక చీర దొరకలేదా?"

"అది ఫారిన్ దయ్యం అవ్వా."

"యాడి దయ్యమైతే ఏం, గుడ్డ చూడు, ఒక అంచుందా, ఒక కొంగుందా! ఉత్త పాలిస్టరు. ఒక్క ఉతుక్కి చాపలా అయిపోతాది."

ఎనిమిదిన్నరకు మామ "టెంపోకు లోడెత్తించి వస్తా, నా వెనకాల అరవబాక, అవ్వే సాక్షి" అని కిందికి వెళ్లాడు. ఆయన మెట్లు దిగుతుండగానే బీరువాలోంచి ఒక చెయ్యి వచ్చింది, మూడోది పోయింది. మెట్ల మీదినుంచే "మూడూ!" అని వినబడింది. మధ్యాహ్నం అన్నం తెమ్మని నాయన ఫోను చేస్తే ఆ ఫోను మోతకు నాలుగోది. (ఏ కారణంచేతనైనా అన్న షరతు అప్పుడు గుర్తొచ్చి కుమిలిపోయాను.) "మురుగా"లు ఎన్ని పోయాయో లెక్కలేదు. కొండ మెట్లెక్కే భక్తులు కూడా ఆ రోజు అన్నిసార్లు పిలిచి ఉండరు. మూడు గంటలకు మంచం కిందినుంచి ఆ నైటీ పాకుతూ వచ్చింది. అయిదోదీ ఖర్చయిపోయింది.

ఇంకా మూడు గంటలు. చేతిలో ఒక్క అరుపు లేదు. నా కళ్ల ముందు వరండా, తడి దుప్పట్లు, రాయి. "నిలిపేస్తావా పాపా?" అన్నాడు మామ. గొంతులో జాలి ఉందనిపించి ఇంకా మండింది. గేములో నెమ్మదిగా బంగళా హాల్లోకి నడిచాను. ఎదురుగా తలుపు కిర్రుమంది. దయ్యం గుమ్మంలో నిలబడింది. నా నోరు తెరుచుకుంది, అందులోంచి వచ్చిన మాట ఇదీ:

"రండి రండి, కూర్చోండి, ఏం చూపమంటారు?"

మామ పెన్సిలు గాలిలో ఆగిపోయింది. నేను అరవలేదు. పుట్టినప్పటినుంచీ నోటికి పట్టిన అలవాటు నా ప్రాణం కాపాడింది. ఆ తరవాత ఇక వెనక్కి చూడలేదు. దయ్యం ఎక్కడ తలుపు తీసినా మర్యాద చేశాను. "కాటన్ చూపమంటారా మేడమ్, పట్టా?" అన్నాను. అది చేతులు చాచి మీదికొస్తే, "తొందరేముంది, కాఫీ తాగి చూద్దురు" అన్నాను. కాసేపటికి అవ్వకు కూడా హుషారొచ్చింది.

"మడత ఇప్పబాక మ్మే! పొద్దున్నించి వస్తా ఉండాది, పోతా ఉండాది. అది కొనే మొహం కాదు."

ఆవడిలో కూర్చుని చూస్తున్న స్నేహితురాలు, నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చిందని సందేశం పంపింది. మామ మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నంనుంచి ఆయన కుర్చీ తలుపు పక్కనుంచి జరిగి జరిగి నా కుర్చీకి ఆనుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

ఆరుకు పది నిమిషాలుందనగా అవ్వ దీపం పెట్టడానికి కిందికి వెళ్లింది. సాయంత్రం కొట్టంతా సాంబ్రాణి వెయ్యడం మా ఇంటి ఆచారం. దయ్యం ఎటు పోయిందో తెరమీద జాడ లేదు. గేములో సంగీతం కూడా ఆగిపోయింది. అప్పుడు మా వెనక, అసలు తలుపు, కిర్రుమని తెరుచుకుంది. ఇద్దరం తిరిగి చూశాం. చీకట్లో తెల్లటి పొగ, పొగ మధ్యన తెల్లచీర, చెదిరిన జుట్టు, చేతిలో ఎర్రగా నిప్పులు.

"రండమ్మా, కూర్చోండి" అన్నాను నేను.

అరిచింది గ్యారంటీ మామ. మామూలు అరుపు కాదు. కింద చీరలు చూస్తున్న కే.జీ.కండిగై ఊరి ఆడవాళ్లు కొన్నవీ కొననివీ వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చారు. అవ్వ సాంబ్రాణి ధూపం కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమయ్యా, నేను నీకు దయ్యం మాదిరి ఉండానా? అంచున్న చీర కట్టుకోనుండా, కళ్లు కనపళ్లేదా?"

ఆరయింది. గెలిచాను! వెంటనే హోము అక్కకు ఫోను చేశాను.

"అక్కా, మీకు వాషింగ్ మెషిన్ వస్తుంది!"

"ఇంకా ఒకటి వస్తాదా?" అంది అక్క, ఆశ్చర్యంగా. "పొద్దున్నే టెంపోలో వచ్చేసినాది కదమ్మా. పక్కన చిన్న సొట్ట ఉండాది, ఏం పరవాలేదు. మూడు తూర్లు దుప్పట్లు ఉతికి ఆరేసినాము. అమ్మలందరూ మధ్యాహ్నం బాగా నిద్రపోయినారు."

ఫోను పెట్టేసి మామ వైపు తిరిగాను. ఆయన క్యాలెండరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు.

"పొద్దున్నే పంపించేసినావా మామా? అయితే నేనెందుకు పన్నెండు గంటలు చచ్చి బతికినాను?"

"నన్నడిగితే? బోణీకి వచ్చి బిడ్డల కోసం అడిగినావు. సుమ్మా, ఊరికే తీసుకుపో పాపా అని చెప్పేకి నోరు తెరిచినా. నువ్వు చెప్పనిస్తివా? దయ్యమంటివి, పన్నెండు గంటలంటివి. సరే, ఇంత ఆశగా బేరం పెడతా ఉండాది, కాదనేదెందుకు అనుకున్నా."

"మరి అయిదు అరుపులకు అంత గీచి గీచి బేరమాడినావే?"

"బేరమంటే బేరమే కదా" అన్నాడు ఆయన, నొచ్చుకున్నట్టు. "సుమ్మా అడిగుంటే సుమ్మా ఇచ్చుంటానే!"

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. సొట్ట మెషిన్ ఇప్పటికీ తిరుగుతోంది. గ్యారంటీ అయిపోయాక కూడా రెండుసార్లు మామే వెళ్లి బాగుచేశాడు. నేనూ మారానని చెప్పుకోవాలని ఉంది. హోముకు దోమతెరలు కావాలని అక్క అంటే పోయిన నెల పొద్దున్నే ఎదురుకొట్టు మెట్లెక్కాను. ఈసారి ఊరికే అడుగుదామని దారంతా అనుకుంటూనే వెళ్లాను. ఆయన కర్పూరం వెలిగించి, "చెప్పు పాపా" అన్నాడు. నోరు తెరిచాను. దుకాణంలో పెరిగిన నోరు కదా, "మామా, ఒక బేరం" అంది. ఆయన చిన్నగా నవ్వుకుంటూ, నిదానంగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.