సగం ట్యాంకు నీళ్లు

పీర్ బాషా కర్నూలు దగ్గర ఒక చిన్న ఫైర్‌స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్. బీయస్సీ కెమిస్ట్రీ చదివినవాడు. ఇల్లు కదిలేముందు గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశాడో లేదో రెండుసార్లు చూసుకుంటాడు, వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మూడోసారి చూస్తాడు. కూతురు శిరీన్‌కు నాలుగేళ్లు.

2006 వేసవిలో, డ్యూటీ లేని మధ్యాహ్నాలు, అతను కళ్యాణ్ అనే కుర్రవాడి కంప్యూటర్ సెంటర్‌కు పోవడం మొదలుపెట్టాడు. అక్కడ మంటలార్పే ఆట సీడీ ఒకటి ఉంది. మొదటి రోజు బాషా ఓడిన తీరుకు కళ్యాణ్‌కు నవ్వాగలేదు.

"ఏందన్నా, ఇల్లు అంత మండుతాంటే పైపు కట్టేస్తాండావు?"

"నీళ్లు అయిపోతాయి కదప్పా."

"ఈడ అయిపోవు. వీధి చివర ఎర్ర కొళాయి ఉండాది సూడు, దానికి తగిలించు. నువ్వు నిజంగా ఫైరింజనోడివేనా?"

"మన తట్టు అట్లాంటి కొళాయి యాడన్నా సూసినావా నువ్వు?"

బాషా వచ్చింది ఆట కోసం కాదు. కిందటేడు ఏప్రిల్లో కోడుమూరు అవతల ఒక పల్లెలో రెండు వరుసల బోదగడ్డి కప్పిన కొట్టాలకు నిప్పంటుకుంది. ఇంజను చేరేసరికి ముప్పావుగంట పట్టింది. ట్యాంకులో ఉన్నవి నాలుగున్నర వేల లీటర్లు. మళ్లీ నింపుకుందామంటే బావులన్నీ ఎండిపోయి ఉన్నాయి. సగం ట్యాంకు ఖాళీ కాగానే, గాలి మళ్లితే రెండో వరుసకు ఏమీ మిగలదని, బాషా "కట్టెయ్" అని చెప్పాడు. డ్రైవర్ దావీదురాజు పంపు కట్టేశాడు. రెండో వరుస నిలిచింది. నీళ్లు ఆపిన కొట్టంలో, గింజల గుమ్మి వెనక ఒక నాలుగేళ్ల పిల్ల దాక్కుని ఉందని మంట చల్లారాక తెలిసింది.

ప్రమాదం రిపోర్టులో నీటి కొరత అని రాశారు. బాషాను ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఉన్న నీళ్లన్నీ పోసినా ఆ పిల్ల దక్కేది కాదని ఎవరైనా లెక్కగట్టి చూపిస్తే చాలు, ఇంత నిద్ర పడుతుందని అతని ఆశ.

ఆ ఆటలో సొంతంగా ఊరు గీసుకోవచ్చు. కళ్యాణ్ సాయంతో మూడు వారాలు కూర్చుని ఆ పల్లెను గీశాడు బాషా. ఒక్క ఇంజను, ఒక్క ట్యాంకు, పడమటి గాలి. కొట్టంలో ఒక పిల్ల. కొళాయిలు లేవు.

ఆడాడు. పిల్ల చనిపోయింది. ముందు రెండో వరుస తడిపి చూశాడు, ఇంజను తూర్పున పెట్టి చూశాడు. ప్రతిసారీ చనిపోయింది. ప్రతిసారీ అతని గుండె మీద బరువు కాస్త తగ్గింది.

"ఓడినోడు ఇంత ఇష్టంగా టీ తాగేది ఈడే సూస్తాండా," అన్నాడు కళ్యాణ్. ఆ మీదట, "అన్నా, రెండో వరుసను వదిలెయ్. నీళ్లన్నీ ఒక్క కొట్టం మీదే కొట్టి, మనిషిని లోపలికి పంపి సూడు," అన్నాడు.

బాషా టీ గ్లాసు పక్కన పెట్టాడు. కళ్యాణ్ చెప్పినట్టే నొక్కాడు. రెండు నిమిషాల్లో తెర మీది చిన్న మనిషి పిల్లను ఎత్తుకుని బయటికొచ్చాడు. రెండో వరుస కాలిపోయింది. అందులో మనుషులెవరూ లేరు, ఆనాడూ లేరు.

కళ్యాణ్ చప్పట్లు కొట్టాడు. బాషా మళ్లీ ఆడాడు. మళ్లీ. మూడుసార్లూ పిల్ల బతికింది.

"ఆట కదన్నా, అట్ల సూస్తావేంది?"

ఆటే. బోద మంట అంత మెల్లగా పాకదని బాషాకు తెలుసు. కానీ ఇన్నాళ్లూ ఓడినప్పుడల్లా ఈ ఆట లెక్కనే నమ్మాడు. ఇప్పుడు కాదనడం ఎట్లా?

స్టేషన్‌లో దావీదురాజు ఇంజనుకు నీళ్లు పడుతున్నాడు. ఆ పంపు కట్టేసిన చెయ్యి తనదేనని అతనూ ఏడాదిగా సరిగ్గా అన్నం తినడం లేదు.

"ఏమప్పా, ఆ ఆటలో ఏం తేలె?" అన్నాడు తలెత్తకుండా.

"ఎట్ల చేసినా దక్కలేదు," అన్నాడు బాషా.

"నేను అప్పుడే చెప్పినా కదా. మన చేతిలో యాడుంది." దావీదురాజు పైపు వదిలేసి, చాలా రోజుల తర్వాత అతని ముఖంలోకి చూసి నవ్వాడు.

బాషా కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. ట్యాంకు నిండి నీళ్లు కింద పారుతుంటే, వంగి కొళాయి కట్టేశాడు.